పళ్ళెం అంచు

మాస్టారు పోయారన్న సంగతి కోటేశు వచ్చి చెప్పేటప్పటికి నేను రెండో వాయి దించుతున్నాను. ఆటో రోడ్డు పక్కన ఆపి, వానకి తడిసిన తల తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"గన్నవరంలోనే పోయారు పిన్నీ. తెల్లారి చూసేసరికి లేరంట. వాళ్ళ తమ్ముడుగారు ఫోన్ చేశారు."

ఇడ్లీ పాత్ర మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిరి ముఖానికి కొడుతున్నా మూత కింద పెట్టాలని తోచలేదు. ఆయనే అక్కడ కూర్చుని ఉంటే ఊరుకునేవారు కాదు. "మూత ఊరికే ఉందనుకుంటున్నావామ్మా? అది పడదామని చూస్తోంది. నీ చెయ్యి ఆపుతోంది" అనేవారు.

మా కొండ మెట్లు రోడ్డుకి దిగే చోట నా ఇడ్లీ కొట్టు. కొట్టంటే రేకుల పంచ, రెండు బల్లలు, గ్యాస్ పొయ్యి. విజయవాడంతా కింద పరుచుకుని ఉంటే, ఆ కింద చోటు దొరకనివాళ్ళం కొండని పట్టుకుని బతుకుతున్నాం. మా ఆడవాళ్ళకి బరువంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కింద కుళాయి దగ్గర పట్టిన బిందె, మెట్టు మెట్టుకీ బరువెక్కుతుంది. అలాంటి చోటికి వచ్చి మాకు బరువు గురించి చెప్పినాయన మాస్టారు.

ఆయనకి భార్యాబిడ్డలు ఉన్నారో లేరో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పటమట వైపు ఏదో కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారని, అక్కడ మానేశాక మా కొండ మీద సగం ఎత్తులో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నారని మాత్రం తెలుసు. ఎందుకు మానేశారని కోటేశు ఒకసారి అడిగాడు.

"అక్కడ గంటలో బోలెడు లెక్కలు చేయించాలి కోటేశ్వరరావూ. నేను ఒక్క గ్లాసు పట్టుకుని గంటంతా గడిపేవాణ్ణి. వాళ్ళ తప్పేం లేదు" అన్నారు.

కొండంతా కోటేశు అని పిలిచే ఆటోవాణ్ణి ఆయన ఒక్కరే పూర్తి పేరు పెట్టి పిలిచేవారు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గులకరాయి ఉండేది. బక్కపల్చటి మనిషి కావడంతో చొక్కా ఆ పక్కకి వేలాడేది. టిఫినుకి కొత్త మనిషి ఎవరొచ్చినా ఆ రాయి తీసి అరచేతిలో పెట్టేవారు.

"ఏం చేస్తోందండీ ఇది?"

"ఏం చేస్తదండీ, ఊరికే ఉంది."

"ఊరికే లేదు. చెయ్యి తియ్యండి."

చెయ్యి తీస్తే రాయి పడేది. ఆయన వంగి తీసుకుని, చొక్కాకి తుడిచి జేబులో వేసుకుని, "ఇందాకటిదాకా పని చేసింది రాయా, మీ చెయ్యా?" అనేవారు. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు ఈయనకి కొంచెం తిరుగుడని నా వైపు చూసి కణతకి వేలు ఆనించేవాళ్ళు. ఆయన అదీ చూసేవారు. చూసి, చట్నీ ఇంకాస్త వెయ్యమనేవారు.

మెట్లు దిగడం కూడా ఆయనదొక తీరు. పక్కకి తిరిగి, పీతలాగా, ప్రతి మెట్టునీ కాలితో తడిమి చూసుకుని దిగేవారు.

"అంత భయమైతే కొండ మీద ఇల్లెందుకండీ?" అన్నాను.

"భయం లేనివాళ్ళు కింద ఉండాలమ్మా. కొండ మీద ఉండాల్సింది భయం ఉన్నవాళ్ళే" అన్నారు.

నాకు అక్షరాలు యాభై దాటాక, ఆయన మా కొండ విడిచి వెళ్ళిపోయాక, సాయంత్రం బడిలో వచ్చాయి. అందుకని ఆయన మాటల్లో రాసుకున్నది ఒక్కటీ లేదు. చెవిలో నిలిచినవే ఇప్పుడు రాస్తున్నాను. తప్పులుంటే నావి.

ఒక రోజు ప్లాస్టిక్ టీ కప్పు అడుగున పిన్నీసుతో చిల్లు పెట్టారు. నీళ్ళు పోస్తే సన్నటి ధార కారుతోంది. బల్లెక్కి నిలబడి కప్పు వదిలేశారు. కప్పు పడుతున్నంతసేపూ ధార ఆగిపోయింది. నేలకి తగిలాకే నీళ్ళు చిమ్మాయి. మాకు నమ్మకం కుదరక మళ్ళీ వేయించుకున్నాం, ఇంకోసారి వేయించుకున్నాం. కొట్టంతా బురదైపోయింది.

"పడేదానికి బరువుండదు. నీళ్ళూ కప్పూ కలిసి పడుతున్నాయి. ఒకదాని మీద ఒకటి బరువెందుకు వేస్తుంది? బరువు తెలిసేది ఆపేవాడికే" అన్నారు.

"అయితే ఫ్లైఓవర్ మీంచి జోరుగా దిగేటప్పుడు పొట్టలో గుల్లగా అయ్యేది అదేనాండీ?" అన్నాడు కోటేశు.

"అదే. నీ ఆటోలో రోజూ కాస్త కాస్త పడుతున్నావన్నమాట."

"ఆ మాట ప్యాసింజర్లతో అనమాకండి మాస్టారూ. దిగిపోతారు."

ఇంకో రోజు నేను ఉతికి ఆరేసిన ఇడ్లీ గుడ్డ తీసుకున్నారు. వద్దండీ, మైలపడుతుంది అంటున్నా వినలేదు. దాన్ని తడిపి బేసిన్ మీద బిగించి కట్టి, మధ్యలో పచ్చడి నూరే చిన్న పొత్రం పెట్టారు. గుడ్డ కుంగింది. అంచు నుంచి ఎండు బఠాణీ ఒకటి వదిలితే అది తిన్నగా పోకుండా పొత్రం చుట్టూ వంకర తిరిగి లోపలికి జారింది.

ఇలాంటిది ఏది చేసినా ముందు చూపుడువేలు ఎత్తి ఒక మాట అనేవారు. "ఇది బొమ్మండి. అసలుది కాదు. చిల్లు ఎక్కడుందో వెతకండి." ఆ రోజు కూడా అన్నారు. అని చెప్పుకొచ్చారు. వెనకటికి ఒక దొర భూమి అన్నిటినీ లాగుతుందన్నాడట. వందల ఏళ్ళకి ఇంకో దొర వచ్చి, లాగుడేమీ లేదు, బరువైనదాని చుట్టూ చోటే వంగుతుంది, ఆ వంపులో జారేవాటిని చూసి మనం లాగుడనుకుంటున్నాం అన్నాడట.

కోటేశు ఇడ్లీ నములుతూ గుడ్డని కాసేపు చూశాడు.

"గుడ్డ ఎందుకు కుంగిందండీ?"

"పొత్రం బరువుకి."

"ఆ బరువెక్కడిది? కిందనుంచి భూమి లాగబట్టేగా. లాగుడు లేదని చెప్పడానికి మళ్ళీ లాగుడే తెచ్చారు. ఈ లెక్కన మా ఆటో స్టాండులో అప్పలవాడూ మీరూ ఒకటే. వాడూ తాగలేదని ఒట్టెయ్యడానికి తాగి వస్తాడు."

మాస్టారు అంత గట్టిగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. బల్ల మీద అరచేత్తో కొట్టి, "అదే చిల్లు. నాకు కాలేజీలో ఎవరూ చూపించలేదు" అన్నారు.

"మరి రెంటిలో ఏది నిజమండీ?" అన్నాను నేను.

"పాత లెక్కతోనే చందమామ దాకా వెళ్ళొచ్చారమ్మా. అది చాలని చోట కొత్తది కావాలి. బొమ్మ నిజమా అని అడక్కూడదు. ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని అడగాలి."

కోటేశు భార్య నాగమణి చీరల కొట్టులో పనిచేసేది. రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించడం, మడతలు పెట్టడం. పొద్దున్నే దిగి వచ్చి పొట్లం కట్టించుకునేది. "మీ ఇద్దరి ఆటల్లో నాకు బస్సు పోద్ది. ఈయన్ని ఆటో తియ్యమనండి మాస్టారూ" అనేది. తొందరలో ఉండి కూడా ఒక్క నిమిషం నిలబడి చూసి పోయేది. ఇడ్లీ గుడ్డ మడత పెట్టి నా చేతికిచ్చింది ఆ రోజు తనే. చీర మడిచినట్టు మడిచింది.

వాళ్ళ ఇల్లు కొండ పైవరసలో, మామగారి కింద.

మామగారంటే ఒక బండరాయి. అలిగి చేతులు కట్టుకుని కూర్చున్న పెద్దమనిషిలా ఉంటుంది. రోడ్డు మీదికి కూడా కనపడుతుంది. మా కొండకి కాపురానికొచ్చిన ప్రతి కోడలూ మొదటి శ్రావణ శుక్రవారం దానికి పసుపు రాసి, "మీరు లేవకండి మామగారూ, నేనే లేస్తాను" అని మూడుసార్లు అనాలి. నేనూ అన్నాను. నాగమణీ అంది. మా అత్తల నాటి నుంచీ ఆయన లేవలేదు.

ఈ ఆచారం చెప్పినప్పుడు మాస్టారు ఎగతాళి చెయ్యలేదు. "ఇదీ ఒక బొమ్మే. రాయి గురించి ఆలోచించడానికి రాయిని మనిషిని చేసుకున్నారు" అన్నారు. కానీ ఆ సాయంత్రమే పైకెళ్ళి రాయి చుట్టూ తిరిగి చూసి వచ్చారు. ఆ తర్వాత ఆయన ఆటలు తగ్గిపోయాయి. రాయి అడుగున మట్టి వానకి కొట్టుకుపోతోందని, సగం రాయి గాలిలోనే ఉందని కనపడినవాళ్ళకల్లా చెప్పేవారు. మా తాతల నుంచీ ఉందండీ అనేవాళ్ళు జనం. "తాతల నుంచీ ఆపుతున్న చెయ్యి అరిగిపోతోందండీ" అనేవారు ఆయన. చెప్పగా చెప్పగా, ఆయన్ని చూస్తే మెట్ల మీద జనం పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం వచ్చి, నా దగ్గరున్న పెద్ద సత్తు పళ్ళెం అడిగారు. వడలు ఆరబోసే పళ్ళెం అది. పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చోట నుంచి ఇసుకా మట్టీ తెచ్చి అందులో కొండ కట్టారు. మెట్లు కూడా గీశారు. జేబులోని గులకరాయి తీసి పైన పెట్టారు. దాని కింద ఒక అగ్గిపెట్టె పెట్టి, "ఇది మీ ఇల్లు కోటేశ్వరరావూ" అన్నారు.

అప్పుడే పని నుంచి వచ్చిన నాగమణి ముందు నవ్వింది. "మామగారికి పసుపు లేకపోతే ఎట్టాగండీ?" అని నా డబ్బాలోంచి చిటికెడు తీసి గులకరాయికి రాసింది.

మాస్టారు టీ జగ్గుతో పైనుంచి మెల్లగా నీళ్ళు పోశారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రాయి కింద మట్టి నల్లబడింది, నెర్రె విచ్చింది. రాయి ఒక్క దొర్లు దొర్లి అగ్గిపెట్టె మీద పడింది. పెట్టె నలిగిపోయింది.

నాగమణి పసుపు చెయ్యి పైటకి తుడుచుకుంది.

ఆయన కొండని మళ్ళీ కట్టారు. అగ్గిపెట్టె సరిచేసి ఈసారి కిందికి, పళ్ళెం అంచు దగ్గర, తన ఇల్లు ఉన్న చోట పెట్టారు. మళ్ళీ నీళ్ళు పోశారు. రాయి దొర్లి మధ్యలోనే కూరుకుపోయింది. అంచు దగ్గర మట్టి కదల్లేదు. పెట్టె నిలబడి ఉంది.

"వెనక గది ఖాళీగానే ఉందమ్మా. ఈ వానలు వెళ్ళేదాకా అయినా మీరు దిగి రావాలి. ఇవాళే రావాలి" అన్నారు. ఆయన ఎవరినీ ఏదీ అలా అడగడం నేను వినలేదు.

కోటేశు నలిగిన అగ్గిపెట్టెనే చూస్తున్నాడు. అడ్డు ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు. మర్నాటికల్లా గ్యాస్ పొయ్యి, మంచం, బట్టల మూటలు మోసుకుని మాస్టారి వెనక గదిలోకి దిగారు.

ఆ వాన ఆగలేదు. నాలుగైదు రోజులకి, తెల్లవారగానే కోటేశు స్టేషన్ బేరానికి ఆటో తీసుకుని పోయాడు. మాస్టారు గొడుగేసుకుని దిగి వచ్చి నా దగ్గర టీ తాగుతున్నారు. నాగమణి ఇంకా దిగలేదు, ఇడ్లీ పొట్లం కట్టి పక్కన పెట్టాను. ఏదో లారీ నుంచి కంకర ఒక్కసారి దించిన చప్పుడైంది. మాస్టారు గ్లాసు పట్టుకునే పైకి చూశారు. నేనూ చూశాను. మామగారు కూర్చునే ఉన్నాడు. మాస్టారి ముఖంలో ఒక్క క్షణం నిశ్చింత కనపడింది. ఆ తర్వాత పైనుంచి కేకలు వినపడ్డాయి.

పడింది రాయి కాదు. మాస్టారి ఇంటి వెనక ఉన్న మట్టి గట్టు. నీళ్ళు తాగి తాగి, అడ్డంగా ఉన్న పాత రాతి గోడని తోసుకుని, వెనక గది మీదికి వచ్చేసింది. ముందు గది గోడకి ఉన్న క్యాలెండర్ కూడా కదల్లేదు. జనం పారలతో తవ్వారు, చేతులతో తవ్వారు. మాస్టారు ఏ మెట్టూ తడమకుండా పైకి పరిగెత్తారు. ఆయన గోళ్ళు ఊడిపోయేలా తవ్వుతుంటే ఎవరో పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. నాగమణిని తీసేటప్పటికి కోటేశు కూడా వచ్చాడు. అతను మాస్టారి వైపు చూడలేదు. ఆయన తప్ప అందరి వైపూ చూశాడు.

ఆ తర్వాత మాస్టారి జేబు వేలాడటం నేను చూడలేదు.

ఆయన కొట్టుకి వచ్చేవారు, ఒక ఇడ్లీ తినేవారు, పోయేవారు. ఆయన వస్తే జనం బల్ల ఖాళీ చేసేవాళ్ళు. "సైన్సు చెప్పి మనిషిని మింగాడు" అని ఆయనకి వినపడేలాగే అనేవాళ్ళు. మామగారిని కాదని పోతే ఊరుకుంటాడా అని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. నేను ప్లేటు పెట్టేదాన్ని. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

కోటేశు మళ్ళీ తన పాత ఇంట్లోకే పోయాడు. ఇంకెక్కడికి పోతాడు. కొన్నాళ్ళకి ఒక పొద్దున కొట్టుకి వచ్చి, సరాసరి మాస్టారి ఎదుట కూర్చున్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎందుకు పడిందో చెప్పండి మాస్టారూ" అన్నాడు.

మాస్టారు లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. తర్వాత నన్ను ఆ పళ్ళెం తెమ్మన్నారు. తెచ్చిపెట్టాను. అందులో ఇసుక వెయ్యలేదు. ఖాళీ పళ్ళెం అంచు మీద వేలు పెట్టారు.

"నీ ఇల్లు ఇక్కడ పెట్టాను. ఇక్కడ మట్టి ఎందుకు జారలేదు? ఈ అంచు ఆపింది. కొండకి అంచు లేదు."

కోటేశు ఆ వేలు వైపే చూస్తున్నాడు.

"నేను పైన రాయినే చూశాను. నా ఇంటి వెనక మట్టి తాగుతున్న నీళ్ళ బరువు చూడలేదు. ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు నేను ఇది బొమ్మని చెప్పలేదు. చిల్లు వెతకమని అనలేదు. మీరు రారేమోనని."

"అని ఉంటే నేను వెతికేవాణ్ణండీ" అన్నాడు కోటేశు. "నాకది అలవాటేగా."

"అవును. నీకు కనపడేది."

కోటేశు లేచి ఆటో దగ్గరికి పోయాడు. కొడతాడేమోనని అంతవరకూ భయపడ్డాను. కొట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఆ నెల్లోనే మాస్టారి తమ్ముడు వచ్చి ఆయన్ని గన్నవరం తీసుకుపోయాడు. సామాను కోటేశు ఆటోలోనే వెళ్ళింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చి ఎక్కించాడు. అప్పటి నుంచి ఎయిర్‌పోర్టుకి బేరం పడినప్పుడల్లా ఆ ఇంటి దగ్గర ఆగేవాడు. మాస్టారు ఎప్పుడూ ఒకటే అడిగేవారట. మామగారు ఎలా ఉన్నారు? కూర్చునే ఉన్నారండీ అనేవాడు కోటేశు. నువ్వింకా ఆ కిందే పడుకుంటున్నావా అని ఆయన అడగడం, ఇతను తల దించుకోవడం. వానాకాలం వస్తే ఆయన అన్నం సరిగా తినేవారు కాదని తమ్ముడి భార్య చెప్పిందట.

ఆ పళ్ళెం నేను పారెయ్యలేదు. కొట్టు నడుపుకునేదాన్ని, వడలు అందులోనే ఆరబోస్తాను. తోమేటప్పుడు మాత్రం అంచు దగ్గర చెయ్యి కాస్త ఆగుతుంది. రెండు వేళ్ళ ఎత్తు కూడా ఉండదది.

ఇవాళ పొద్దున కోటేశు ప్లేటులో ఇడ్లీ తుంచి, తినకుండా చెప్పాడు.

"పోయిన వారం వెళ్ళాను పిన్నీ. మంచానికి అంటుకుపోయున్నారు. మాట కూడా సరిగా రావట్లేదు. అయినా అదే అడిగారు. మామగారు ఎట్టా ఉన్నారు అని."

"ఏం చెప్పావు?"

"పడిపోయారండీ అన్నాను."

నేను పొయ్యి తగ్గించాను.

"ఎటు దొర్లాడు అన్నారు. దుప్పటి కింద ఆయన మోకాళ్ళు లేచున్నాయి. అదే కొండనుకోండి అని వేలితో గీసి చూపించాను. పట్టపగలు పడ్డాడండీ, మేమంతా బయటే ఉన్నాం, మా ఇల్లు వదిలేసి ఇటు పక్కగా దొర్లి బండల్లో ఇరుక్కున్నాడు, ఎవరికీ ఏం కాలేదు, మీరు చెప్పినట్టే పడ్డాడు అన్నాను."

"ఏమన్నారు?"

"దుప్పటినే చూశారు చాలాసేపు. బొమ్మ బాగుంది కోటేశ్వరరావూ అన్నారు. చిల్లు వెతకలేదు పిన్నీ." ప్లేటు పక్కకి జరిపాడు. "గన్నవరం పోతున్నా. వస్తావా?"

వాయి దించేసి, పొయ్యి ఆపి, పళ్ళెం బోర్లించి ఆటో ఎక్కాను. రోడ్డు మలుపు తిరిగే చోట తల బయట పెట్టి పైకి చూశాను. మామగారు చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఈ శ్రావణానికి కొత్తగా వచ్చిన కోడలెవరో ఆయనకి ఒళ్ళంతా పసుపు పూసింది. వానకి అది కరిగిపోతోంది. ఇంత దూరం నుంచి కనపడదు కానీ, ఆ పసుపు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో నాకు తెలుసు. కోటేశు ఇంటి రేకుల మీద.